చెయ్యెత్తితే వచ్చే గోరువంక

సూరత్‌లో డోర్‌బెల్లులు అమ్మే దుకాణాల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ఈ ఊళ్ళో చీర అడిగితే క్షణంలో నూరు రంగులు ముందు పరుస్తారు. బెల్లు అడిగితే ఒకటే రకం. నొక్కితే పిట్ట కూస్తుంది. అది ఏ పిట్టో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు గానీ, జలుబు చేసిన పిట్ట అని మాత్రం చెప్పొచ్చు. మేముండే బమ్రోలిలో మా వరసలో ప్రతి గుమ్మానికీ అదే బెల్లు. ఎవరింటికి ఎవరొచ్చినా నాలుగు తలుపులు తెరుచుకుంటాయి, అందులో మూడు నిరాశగా మూసుకుంటాయి. ఎం.కాం. చదివి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆ మూడింటిలో ఒకటి తరచూ నాదే.

కరోనా వచ్చిన మొదటి ఏడు లాక్‌డౌన్ పెట్టాక బెల్లులు ఆగిపోయాయి. ఎవరింటికీ ఎవరూ రావడం లేదు. నాకది బాగానే ఉంది. బాపుకే బాగాలేదు. బెల్లులతో పాటు మగ్గాలు కూడా ఆగిపోయాయి మరి.

మా బాపు పెళ్ళికి ముందే సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చి పవర్‌లూమ్ పట్టుకున్న మనిషి. ఆ చప్పుడు మధ్య పని చేసి, ఆ చప్పుడు వినపడే గదిలో పడుకుని, ఆ చప్పుడులోనే నన్ను కన్నాడు. అది ఒక్కసారిగా ఆగిపోయేసరికి చెవులు నొస్తున్నాయన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజులు కావు. అమ్మ పాత మిక్సీ ఆన్ చేసి కాసేపు పక్కన పెట్టింది. కొంత నయమైంది.

పాండేసరలో బాపు పనిచేసే షెడ్డును ఇక్కడి మాటలో ఖాతా అంటారు. రెండు నెలలు తాళం పడ్డాక, ఆంక్షలు కాస్త సడలించిన రోజుల్లో, దాని యజమాని శేఠ్ ఫోన్ చేశాడు. మగ్గాలు నడిపే కారిగర్లు అందరూ సొంతూళ్ళకు పోయారు, దగ్గర్లో ఉన్నది నువ్వే, పోయి మగ్గాలకు నూనె పెట్టు, ఎలుకలు ఎంత తిన్నాయో వీడియో తీసి పంపు అన్నాడు. బాపుకు నూనె పెట్టడం వచ్చు, వీడియో తీయడం రాదు. అందుకని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. చదువుకున్నందుకు నాకు దొరికిన మొదటి ఫీల్డ్ వర్క్ అది.

ఖాతాలో అడుగుపెట్టినవాడు ముందు లైటు వేయడు. ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాడు. వేడి, నూనె వాసన, గాలిలో తేలే దారపు ధూళి బయటికి పోయాకే మిగతా పని. చీకట్లో కూడా కారిగర్ చెయ్యి ఆ స్విచ్చి మీదికే పోతుంది. బాపు చెయ్యి కూడా పోయింది. నేను అప్పటికే వీడియో మొదలుపెట్టాను.

ఫ్యాను ఒకసారి మూలిగింది. ఏదో టపటపా కొట్టుకున్న చప్పుడు. గడ్డి, ఈకలు, చిన్న చిన్న పుల్లలు మా మీద రాలాయి. బాపు వెంటనే స్విచ్చి ఆపేశాడు గానీ, ఫ్యాన్ అంత వెంటనే ఆగదు కదా.

మనుషులు లేని రెండు నెలల్లో ఆ ఫ్యాను గూట్లో గోరువంకలు కాపురం పెట్టాయి. తల్లి పోయింది. పిల్లల్లో ఒకటి తప్ప మిగతావి పోయాయి. ఆ ఒక్కటి గడ్డితో సహా జారి యార్న్ డబ్బాల మీద పడింది. ఈకలు లేవు, కళ్ళు సరిగా తెరుచుకోలేదు. అరచేతిలో పట్టే ఎర్రటి ముద్దకు అంచున పసుపచ్చని నోరు. ఆ నోరు మాత్రం తెరిచే ఉంది.

బాపు వంగి వెతికి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. జేబులోంచి ఉతికిన మాస్కు తీసి, దాన్ని అందులో పడుకోబెట్టాడు. ఆ మాస్కు ఒక ప్రాణాన్ని కాపాడగా నేను కళ్ళారా చూసింది ఆ ఒక్కసారే.

"ఊపిరున్నది," అన్నాడు. "నడువు, ఇంటికి వోదం."

"నూనె?"

"తర్వాత."

శేఠ్‌కు వీడియో పంపాను. అందులో ఫ్యాను చప్పుడు, ఈకలు, బాపు వంగి వెతకడం అన్నీ ఉన్నాయి. శేఠ్ బొటనవేలు బొమ్మ పెట్టాడు.

దారిలో బాపు ఒక్కసారే నోరు తెరిచాడు. "పెంచుకునుడు గాదు బిడ్డా. దీన్ని ఎగరగొట్టాలె. దాని తల్లి దగ్గర ఉంటే ఎట్లెగురునో గట్ల." ఆ తర్వాత అది ఆయనకు పని అయింది. నాకు తెలిసి బాపు ఏ పనీ సగంలో వదల్లేదు. ఇది వదిలితే ఆ స్విచ్చి మీద మళ్ళీ చెయ్యి ఎట్లా వేస్తాడో అని నాకూ అనిపించింది.

అమ్మ తలుపు తీసి మాస్కులోకి తొంగి చూసింది. ఇంట్లో ఇప్పటికే ముగ్గురం ఉత్తగా కూర్చుని తింటున్నామని, నాలుగోదాన్ని కూడా తెచ్చారని అంది. అని, బియ్యం డబ్బా వెనకనుంచి అట్టపెట్టె తీసి ఖాళీ చేసింది. మా అమ్మ సణుగుడూ పనీ ఒకేసారి చేస్తుంది. ఏది ముందు పూర్తవుతుందో చెప్పలేం.

ఇంటర్నెట్‌లో వెతికాను. ఒకరు పాలు పట్టమన్నారు, ఒకరు పాలు పడితే చస్తుందన్నారు, మూడో ఆయన ఆ పిట్ట కలలోకొస్తే ఏం ఫలమో చెప్పాడు. చివరికి కింద ఉండే ఇంటావిడ ఆదుకుంది. మేం ఆమెను బా అంటాం, ఇక్కడి మాటలో అమ్మ. పెద్ద వయసు గుజరాతీ ఆవిడ, పొరపాటున చీమను తొక్కినా ప్రాయశ్చిత్తంగా మాట్లాడకుండా ఒకపూట కూర్చునే మనిషి. పతంగుల పండుగకు దారాలు కోసుకుని గాయపడిన పక్షుల కోసం ఈ ఊళ్ళో చాలామంది స్వచ్ఛందంగా పనిచేస్తారు. అలాంటి ఒకావిడ నంబరు బా దగ్గర ఉంది. మేం ఆవిడను పక్షుల బెన్ అని పిలుచుకున్నాం. బెన్ అంటే ఇక్కడ అక్క.

మామూలు రోజులైతే బెన్ మనిషిని పంపి పిల్లను తీసుకెళ్ళేది. కానీ ఆ వారమే మా గల్లీలో ఎవరికో పాజిటివ్ వచ్చి రెండు చివర్లా వెదురు బొంగులు కట్టేశారు. మేం బయటికి పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. కాబట్టి వైద్యం అంతా వాట్సాప్‌లోనే. ముందు ఫోటో పంపమంది.

ఫోటో మేం గర్వంగా పంపాం. ఎందుకంటే పెట్టెలో పరుపు అలాంటిది. బాపు యార్న్ వేస్టు, అదే మగ్గాల కింద మిగిలే పాలిస్టర్ దారపు ఉండలు, మెత్తగా విడదీసి పరిచాడు. పట్టులా మెరుస్తోంది. సూరత్‌లో అంత మంచి పక్క ఉన్న గోరువంక ఇంకోటి ఉండదు. బెన్ ఫోటో పెద్దది చేసి చూసి, అది దేని మీద పడుకుంది అని అడిగింది. చెప్పాను. కాళ్ళు చూడమంది.

చూస్తే, కంటికి కనపడనంత సన్నటి దారం ఒక కాలి వేళ్ళకు చుట్టుకుని, వేలు అప్పుడే వాచి నల్లబడుతోంది. నేత ఇల్లు కాకపోతే ఎవరికైనా ఇంత మెత్తటి దారం పరవాలన్న ఆలోచన వచ్చేది కాదు. మాకు దారం అంటే మంచిదే. అది ఎవరినైనా ఏమైనా చేస్తుందని ఆ ఇంట్లో ఎవరం అనుకోలేదు.

అమ్మ ఇంటి దగ్గర చీరలకు దారాలు కత్తిరించే పని చేసేది. చీర వెనక వేలాడే పోగులను చిటికెన వేలంత కటర్‌తో బట్టకు గాటు పడకుండా తెంపాలి. ఆ కటర్‌తోనే, నేను ఫోన్ లైటు పట్టుకోగా, బాపు పిల్లను పట్టుకోగా, ఆ వేలు చుట్టూ ఉన్న దారం తెంపింది. దారం ముక్క చివరికి బయటికొచ్చింది. పిల్ల బతికింది. ఆ వేలు మాత్రం కొంచెం వంకరగానే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి పరుపు తీసేసి పాత బనీను వేశాం.

తిండి సంగతి ఇంకో కథ. ఉడికించిన గుడ్డు మెత్తగా చిదిమి పెట్టమంది బెన్. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా కొంచెం కొంచెం. నీళ్ళు మాత్రం నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మేం గుడ్లు తినేవాళ్ళమే గానీ, బా ఇంట్లో అద్దెకు దిగేటప్పుడు ఆ సంగతి అంత గట్టిగా చెప్పుకోలేదు. కిటికీలు మూసి ఉడికించేవాళ్ళం. రెండో రోజే బా మెట్ల దగ్గర నిలబడి, పిట్ట ధర్మం పిట్టది, నా ధర్మం నాది, పెంకులు మాత్రం నా చెత్తడబ్బాలో వేయొద్దు అంది. అన్ని ఏళ్ళు మూసిన కిటికీలు ఎవరికోసమో నాకప్పుడు అర్థం కాలేదు.

బాపు తన చిమ్టాతో తినిపించేవాడు. నేసిన గుడ్డలోంచి ముడులు పీకే సన్నటి పట్టకారు అది. గుడ్డు ముక్క దాని కొసన పెట్టి నోట్లోకి జారవిడిచేవాడు. ఆకలి తీరినట్టు దానికెప్పుడూ అనిపించలేదు. వెదురు బొంగులు తీసేసి, కూరగాయలవాళ్ళూ పార్శిళ్ళవాళ్ళూ రావడం మొదలయ్యాక మా వరసలో బెల్లులు మళ్ళీ కూశాయి. ఎవరి బెల్లు మోగినా నాలుగు తలుపులతో పాటు అట్టపెట్టెలో ఒక నోరు కూడా తెరుచుకునేది. పక్కింటివాళ్ళ పార్శిల్‌కు మా పిట్టకు గుడ్డు పెట్టాల్సి వచ్చేది.

కళ్ళు తెరుచుకున్నాయి. ముళ్ళలాంటి ఈకలు మొలిచి, ఒక్కొక్కటే విప్పుకున్నాయి. కంటి చుట్టూ పసుపు రంగు వచ్చింది. చూస్తుండగానే అది ముద్ద నుంచి పిట్ట అయింది, సరిగ్గా చెప్పాలంటే పిట్టలా కనపడే కోపం అయింది. పెట్టె అంచు ఎక్కి, అక్కడి నుంచి కుట్టుమిషను మీదికి, అక్కడి నుంచి పరదా కడ్డీ మీదికి ఎగిరింది. అమ్మ దగ్గర లాక్‌డౌన్ వల్ల ఇరుక్కుపోయిన చీరల మూట ఒకటి ఉండేది. ఆ మూట మీద అది తన అభిప్రాయం రోజుకు చాలాసార్లు చెప్పేది. అమ్మ చీరలకు దుప్పటి కప్పింది. తర్వాత దుప్పటికి ఇంకో దుప్పటి కప్పింది.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తున్నాను.

ఖాతాలో మగ్గాలు నడుస్తుంటే మనిషి గొంతు మనిషికి వినపడదు. అక్కడ మాటలన్నీ చేతులతోనే. దారం తెగిందంటే ఒక సైగ, చాయ్ వచ్చిందంటే ఒక సైగ, శేఠ్ వచ్చాడంటే ఇంకో సైగ. ఎవరినైనా పిలవాలంటే చెయ్యి తలపైకి ఎత్తి, పిడికిలి రెండుసార్లు మూసి తెరుస్తారు. బాపు ఇంట్లో కూడా అమ్మను అలాగే పిలిచేవాడు. ఎదురుగా ఉన్నా, చప్పుడేమీ లేకపోయినా సరే. నేను చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర ఆ చెయ్యి చూసే పరిగెత్తుకొచ్చేదాన్ని. మాకది సైగ అని కూడా తెలియదు, మా బాపు పిలుపు అంతే.

గోరువంకనూ అలాగే పిలిచాడు. చెయ్యెత్తుతాడు, పిడికిలి మూస్తాడు, తెరుస్తాడు, చిమ్టాతో గుడ్డు పెడతాడు. అలా రోజంతా, రోజూ. అది ఎగరడం నేర్చేసరికి ఆ సైగ కూడా నేర్చేసింది. డాబా మీద నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని ఉంటే, బాపు ఈ చివర నిలబడి చెయ్యెత్తితే చాలు, సూటిగా వచ్చి మణికట్టు మీద వాలేది. బాపు ముఖం చూడాలి అప్పుడు. మగ్గం మీద ఎంత మంచి గుడ్డ దిగినా ఆయన ముఖం అలా ఉండగా నేను చూడలేదు.

నేను వీడియో తీసి బెన్‌కు పంపాను. శభాష్ అంటుందని ముగ్గురం ఫోన్ చుట్టూ కూర్చున్నాం. వెంటనే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను. ఆవిడ హిందీలో, చాలా మర్యాదగా, ఒక్క మాట అడిగింది.

"భాయ్, రాయి విసిరేవాడు కూడా చెయ్యి ఇలాగే ఎత్తుతాడు కదా?"

బాపు చెయ్యి చూసుకున్నాడు. ఆ చెయ్యి అప్పటికీ కొంచెం పైనే ఉంది.

ఆవిడ మెల్లగా వివరించింది. బయట వదిలితే ఇది ప్రతి మనిషినీ మీరే అనుకుంటుంది. ఎవరు చెయ్యెత్తినా తిండి అనుకుని దగ్గరికి పోతుంది. ఒక్కరోజు బతకదు. రెక్కలు వచ్చాయి, మంచిదే. ఇప్పుడు భయం కూడా రావాలి. అది నేర్పకపోతే వదలడమూ చంపడమూ ఒకటే.

మరుసటి రోజు పొద్దున బెన్ మాటకు బా సాక్ష్యం చెప్పింది, తనకు తెలియకుండానే. డాబా మీద పాపడ్‌లు ఆరేయడానికి వచ్చింది. గోరువంక పాపడ్‌ల దగ్గర దిగింది. బా దాన్ని వెళ్ళగొట్టడానికి చెయ్యెత్తింది. అది వచ్చి చేతి మీద వాలింది. బా కెవ్వుమని విదిలించి, ఇంకా గట్టిగా పొమ్మని ఇంకో చెయ్యెత్తింది. అది ఆ చేతి మీదికి మారింది. ఎంత పొమ్మంటే అంత దగ్గరికొచ్చింది. బా నవ్వలేక, ఏడవలేక, రెండు చేతులూ దించి దేవుడి పేరు చెప్పుకుంటూ నిలబడింది. నాకు నవ్వొచ్చింది గానీ, పక్కన బాపు నవ్వలేదు. ఆయన ఆ చేతిలో రాయి ఉన్నట్టు చూస్తున్నాడు.

అదే రోజు శేఠ్ ఫోన్. వచ్చే వారం నుంచి కొన్ని మగ్గాలు నడిపిద్దాం, రా అన్నాడు. బాపు ఫోన్ దూరం పెట్టి ఒకసారి దగ్గాడు. ఆ రోజుల్లో దగ్గుకు మించిన సెలవు చీటీ లేదు. శేఠ్ ఆ దగ్గు ఫోన్లోంచి అంటుతుందేమో అన్నంత కంగారుగా, నయమయ్యేదాకా ఈ దిక్కు రావద్దు అని పెట్టేశాడు. బాపు అబద్ధం ఆడగా నేను విన్నది అదే. మాట కూడా కాదు, దగ్గు.

బెన్ చెప్పిన పద్ధతి ఇది. చేత్తో తినిపించడం బంద్. తిండి పళ్ళెంలో పెట్టి, అది చూడకుండా మనం తప్పుకోవాలి. దగ్గరికొస్తే పట్టించుకోకూడదు. అన్నిటికంటే కష్టమైంది, చెయ్యెత్తి పిలవాలి, అది వస్తుండగా పెద్ద చప్పుడు చేసి బెదరగొట్టాలి. చెయ్యంటే మంచి జరగదని దానికి ఎక్కాలి. ఎవరు నేర్పారో వాళ్ళే మరిపించాలి.

చప్పుడు చేసే పని అమ్మ తీసుకుంది. లాక్‌డౌన్‌కు ముందు ఒక సాయంత్రం ఊరంతా బాల్కనీల్లో నిలబడి పళ్ళేలు మోగించింది గుర్తుందా, ఆ రోజు సొట్టపడిన మా స్టీలు పళ్ళెం ఇంకా ఉంది. అమ్మ దాన్నీ గరిటెనూ పట్టుకుని మెట్ల తలుపు వెనక నిలబడింది. బాపు డాబా మధ్యలో నిలబడ్డాడు. గోరువంక ట్యాంకు మీద ఉంది.

బాపు చెయ్యెత్తాడు. పిడికిలి మూశాడు, తెరిచాడు. అది బయల్దేరింది. దగ్గరికొచ్చేసరికి అమ్మ పళ్ళెం మోగించింది. అది గాల్లోనే గిరుక్కున తిరిగి పిట్టగోడ మీద పడినట్టు వాలింది. తల ఒక పక్కకు వంచి బాపును చూసింది. ఏదో పొరపాటు జరిగింది, సర్దుకుంటుందిలే అన్నట్టుంది ఆ చూపు. ఆయన చెయ్యెత్తకముందే మళ్ళీ వచ్చింది. మళ్ళీ పళ్ళెం.

అలా కొన్నిసార్లు అయ్యాక బాపు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఇయ్యాల్టికి సాలు," అన్నాడు.

అమ్మ తలుపు వెనక నుంచి బయటికొచ్చింది. "ఏం సాలు? నీకు సాలైంది. దానికి కాలే. చెయ్యి లేపు."

"గది నన్నే జూస్తున్నదే."

"జూడనియ్. రేపు ఇంకొకడు రాయి వట్టుకోని లేపుతడు. అప్పుడు నువ్వుంటవా ఆడ పళ్ళెం గొట్ట?"

బాపు చెయ్యి లేపాడు.

ఆ వారమంతా డాబా మీద పళ్ళెం మోగుతూనే ఉంది. బాపు కింద ఉన్నప్పుడు కూడా చేతులు వాడడం మానేశాడు. కిటికీలోంచి పిట్ట చూస్తుందేమోనని అమ్మను పిలవాలన్నా చెయ్యెత్తడు. పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు, సైగ చేసే దారి లేదు. మొదటిసారి గట్టిగా "ఓయ్" అన్నాడు. కింద నుంచి బా పైకొచ్చి, భార్యాభర్తలన్నాక గొడవలుంటాయి, అరుచుకోకండి అని అమ్మకు నచ్చజెప్పింది. బాపు ఉత్తగా కూర్చున్నప్పుడు కూడా చేతులు తొడల కింద పెట్టుకునేవాడు. ఆయన్ను అంత నిశ్శబ్దంగా లాక్‌డౌన్ కూడా చేయలేదు.

మెల్లగా అది రావడం తగ్గింది. ముందు సగం దూరం వచ్చి ఆగేది. తర్వాత ట్యాంకు మీద నుంచే చూసేది. ఒక పొద్దున బాపు చెయ్యెత్తితే, పళ్ళెం మోగకముందే, అది లేచి పక్క డాబా మీదికి పోయింది. అమ్మ గరిటె ఎత్తినది ఎత్తినట్టే ఉంది. కొట్టాల్సిన పనే రాలేదు.

"అయింది," అంది అమ్మ.

బాపు చెయ్యి దించి చాలాసేపు పక్క డాబా కేసి చూశాడు. తర్వాత కిందికి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. చెమట పట్టింది అన్నాడు. నేను అడగలేదు.

పళ్ళెంలో తిండి మాత్రం పెడుతూనే ఉన్నాం, గోడ చివర, మనిషి నీడ లేకుండా. గుడ్డుతో పాటు మా పక్కనే ఉన్న వడోద్ దిక్కు ఖాళీ జాగాల్లో గడ్డి దులిపి పట్టిన మిడతలు కూడా. మిడతలు పట్టడం నా వంతు. బి.కాం.లో గానీ ఎం.కాం.లో గానీ అది సిలబస్‌లో లేదు. ఆ పళ్ళెం సంగతి వీధిలో గోరువంకలకు తెలిసిపోయింది. తీగల మీద నుంచి దిగి మాదాన్ని పొడిచి తరిమి తినేవి. మొదట్లో మాది ట్యాంకు వెనక దాక్కునేది. నాకు కోపమొచ్చి వాటిని తోలబోతే బెన్ వద్దంది. తన్నులు తిననివ్వండి, అవే దానికి చుట్టాలు అంది. చుట్టాలంటే అంతేనని నాకూ తెలుసు.

కొన్నాళ్ళకు మాది తిరగబడింది. ఒక కాలికి వంకర వేలున్న ఆ పిట్ట, పళ్ళెం మీద నిలబడి, రెక్కలు సగం విప్పి, ఇంత నోరు చేసుకుని అరిచింది. ఆ అరుపు బెల్లు అరుపు కాదు, మా ఇంట్లో ఎవరి అరుపూ కాదు. గోరువంకల అరుపు. ఎక్కడ నేర్చుకుందో, ఎవరూ పెట్టని పాఠం అది. ఆ సాయంత్రం గుంపు లేచినప్పుడు దాంతో పాటు లేచింది. రాత్రికి పెట్టెలోకి రాలేదు. మరునాడు వచ్చి తిని పోయింది. తర్వాత అప్పుడప్పుడు. వానలు జోరందుకునేసరికి పళ్ళెంలో గుడ్డు నీళ్ళలో తేలుతూ అలాగే ఉండిపోయేది. అమ్మ పళ్ళెం తోమి వంటింట్లో పెట్టింది. చీరల మూట మీద దుప్పట్లు తీసింది.

బాపు దగ్గు నయమైంది. ఖాతాకు వెళ్ళిన మొదటి రోజే ఫ్యాను వెనక వైపు జాలీ బిగించాడు. శేఠ్ ఎందుకని అడిగితే దుమ్ము అన్నాడట. చేతులు మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టాయి. అక్కడ అవి లేకపోతే పని జరగదు కదా. ఇంట్లో మాత్రం అమ్మను "ఓయ్" అనడం ఆగలేదు. అమ్మకూ అది అలవాటైనట్టే ఉంది.

బెన్‌కు ఫోన్ చేసి చెప్పాను, రావడం లేదు, ఎక్కడుందో తెలియడం లేదు అని. అయితే బాగానే ఉన్నట్టు అంది. మరి మనకెట్లా తెలుస్తుంది అని బాపు వెనక నుంచి అడిగించాడు. తెలియకపోతేనే మంచిది అని ఆవిడ నవ్వింది. ఆ జవాబు బాపుకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పలేదు గానీ, ఆ తర్వాత రోడ్డు మీద నడుస్తూ తీగల కేసి చూడడం మొదలుపెట్టాడు.

మార్కెట్‌లో ఒక ఆఫీసులో నాకు లెక్కలు రాసే పని దొరికాక ఇద్దరం పొద్దున కలిసి బయల్దేరేవాళ్ళం. బమ్రోలి రోడ్డు మీద కాలువ దగ్గర ఆయన పాండేసర దిక్కు మళ్ళేవాడు, నేను ముందుకు పోయేదాన్ని. వాన వెలిసిన ఒక పొద్దున అక్కడ కరెంటు తీగ మీద గోరువంకలు బారుగా కూర్చుని ఉన్నాయి. అన్నీ ఒకటే రంగు, ఒకటే కళ్ళు, ఒకటే కోపం. వంకర వేలు అంత ఎత్తున ఎవరికి కనపడుతుంది?

బాపు ఆగాడు. నేనూ ఆగాను. ఆయన ఏం చేయబోతున్నాడో నాకు తెలుసు, చేయొద్దని చెప్పాలనీ ఉంది. వస్తే మా కష్టమంతా వృథా. రాకపోతే అది ఆ బారులో లేదనో, ఎక్కడా లేదనో. రెండిట్లో ఏది కావాలో అడిగితే నేను చెప్పలేకపోయేదాన్ని.

బాపు అటూ ఇటూ చూసి, మాస్కు కిందికి లాగి, చెయ్యి ఎత్తాడు. పిడికిలి మూశాడు, తెరిచాడు. మళ్ళీ మూశాడు, తెరిచాడు.

ఒక్కటీ కిందికి రాలేదు. రోడ్డు మీద ఎంతమంది చేతులెత్తరు! బారులో అన్నీ మెడలు సాచి చూసి, ఈకలు దువ్వుకోవడంలో పడ్డాయి. చివరన ఉన్న ఒకటి మాత్రం ఉలిక్కిపడి లేచింది. మిగతావి కదల్లేదు. అదొక్కటే కాలువ దాటి, మిల్లుల పొగ పక్కనుంచి, కనపడనంత దూరం పోయింది.

నేను బాపు ముఖం కేసి చూశాను. నవ్వుతున్నాడు. చెయ్యి దించడం మర్చిపోయాడు.

మా పక్కన ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు గడ్డం కింద మాస్కు, మాట మా దిక్కుదే. ఏడికి పోవాల్నని అడిగాడు. బాపు వినలేదు. నేనే ఎక్కడికీ కాదని తల ఊపాను. అతను ఇంజన్ ఆపకుండా ఒకసారి బాపును, ఒకసారి ఆ చేతిని, ఒకసారి పైన ఖాళీ ఆకాశాన్ని చూశాడు.

"ఏడికి వోయేది లేనప్పుడు చెయ్యెందుకు లేపినవే కాకా?"